గోడ మీద సత్తుగిన్నె

చిరంజీవి తమ్ముడు గిరిబాబుకు అప్ప ఈశ్వరి దీవెనలు.

ఇక్కడ నేను, మీ బావ, రేఖ క్షేమం. ఆ మంచుకొండల్లో నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోన్లు పనిచెయ్యని చోటికి డ్యూటీ వేశారు గానీ, లేకపోతే నువ్వు కలం పట్టేవాడివా? నీ రాత కోడి కెలికినట్టుందని నీ మేనకోడలు నవ్వింది. నవ్వుతూనే పైకి చదివింది. చివరి ముక్క దగ్గర ఆగిపోయింది.

అడిగినవాటికి ముందు జవాబులు. రేఖ పదో తరగతి పాసైంది, రాజాం కాలేజీలో చేర్చాం. మీ బావ ఆటోకు కొత్త టైర్లు వేయించారు. నా మోకాలి నొప్పి అలాగే ఉంది. అంగన్‌వాడీలో పిల్లలతో కింద కూర్చుని లేవడం తప్పదు కదా.

తవుడు సంగతి అడిగావు. రైసుమిల్లులో తవుడు గుట్ట మీద దొరికిన కుక్కపిల్లను చొక్కాలో పెట్టుకుని తెచ్చినవాడివి, అడక్కుండా ఎలా ఉంటావు. తవుడు లేదు, గిరీ. నువ్వు అక్కడికి బయల్దేరిన రోజే పోయింది. ఈ మాట రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

అమ్మవారి పండగ రాత్రి, పారేసిన విస్తళ్లలో కొవ్వుముక్కలు తినేసి వచ్చింది. మర్నాడు పొద్దున్నే పెరట్లో గడ్డి కొరికింది. మాటిమాటికీ మూతి నాక్కుంది. ముందుకాళ్లు చాచి, నడుము పైకెత్తి వంగింది. ఒళ్లు విరుచుకుంటోందనుకున్నాను. కడుపునొప్పికి కుక్క అలా వంగుతుందని తర్వాత తెలిసింది. కాసేపటికి వాంతులు, నీళ్ల విరేచనాలు. తాగిన నీళ్లు తాగినట్టే కక్కేసింది. ఎదురింటి జగ్గమ్మ పిన్ని చూసి, "ఈ పూటకి కూడెట్టకే ఈశ్వరీ. లంకణం పరమౌషధం. రేపటికి అదే లెగుస్తాది" అంది.

ఆవిడ అన్నం మాటే అంది. నీళ్లు తీసేసింది నేనే. తాగితే మళ్లీ కక్కుతుందని గేటు మూసి, అది నీళ్లు తాగే సత్తుగిన్నెను దానికి అందకుండా గేటు పక్క గోడ మీద పెట్టాను. మీ బావ డాక్టరుకు చూపిద్దామన్నారు. "కుక్కకి ఇరేసనాలైతే డాక్టరేటి? రేపు సూద్దాం" అన్నాను.

తొమ్మిదేళ్ల ముసలి ప్రాణం, మర్నాడు లేవలేకపోయింది. ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు దాని మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే, ఆ మడత అలాగే నిలబడిపోయింది. చిగుళ్లు ఎండిపోయాయి. "ఓ పూట కూడు ఆపడం మంచిదేనమ్మా, నీలెందుకాపేసినారు? గుక్కెడు గుక్కెడు పట్టాల. నిన్ననే తెస్తే బాగున్ను" అన్నారు. సెలైను ఎక్కుతుండగానే నా ఒళ్లో పోయింది.

విరేచనాలయ్యే బిడ్డకు నీళ్లు మాన్పకండని పన్నెండేళ్లుగా తల్లులకు చెబుతున్నాను, గిరీ. ఓఆర్ఎస్ పొట్లాలు మన బీరువాలోనే ఉన్నాయి. ఇది బిడ్డ కాదు, కుక్క అనుకున్నాను. ఆ తర్వాత తల్లుల మీటింగులో ఆ మాట సగంలో వదిలేసి పొట్లాలు పంచడం మొదలెట్టాను. తల్లులు నా మొహం చూసి కంగారుపడ్డారు.

ఇంకొకటి దాచాను. గిన్నె గోడెక్కిన ఆ సాయంత్రమే నువ్వు ఫోన్ చేశావు, తవుడు ఏం చేస్తోందని అడిగావు. జబ్బని చెబితే ప్రయాణంలో బెంగపడతావని చెప్పలేదు. గేటు దగ్గర తలెత్తి కూర్చుని కనిపించింది. "నీ కోసమేరా, గేటుకేసే సూస్తన్నాది, కదల్దు" అన్నాను. ఎంత మురిసిపోయావో. ఉత్తరం చివర కూడా అదే అడిగావు: "అప్పా, తవుడు ఇంకా నాకోసం గేటుకేసే సూస్తన్నాదా?" రేఖ ఆగిపోయింది అక్కడే.

అది నీకోసం చూడలేదు, తమ్ముడూ. గోడ మీద గిన్నెను చూసింది.

ఇట్లు,
నువ్వొచ్చి ఏమన్నా పడే నీ అప్ప,
ఈశ్వరి