పోయింది ర్యామ్ కాదు

అక్కా,

సర్వర్‌ను ఆన్ చేయకు. బావ అన్నట్టు పోయింది ర్యామ్ కాదు. ర్యామ్ ముక్కలు నాలుగింటినీ ఒక్కొక్కటిగా మార్చి చూశాను. ఏదైనా సరే, బోర్డు మీది మూడో స్లాటులో పెడితేనే మిషన్ ఆగిపోతోంది. కాబట్టి బోర్డునే రిపేరుకు ఇవ్వాలి. బావ హడావిడిగా కొనుక్కొచ్చిన కొత్త ర్యామ్‌ను వాపసు ఇచ్చేయమను.

నీ బొమ్మలున్న డిస్కులు రెండూ తీసి, ఏది ఏ వరసలోదో కాగితం అంటించి, నీ బీరువాలో పెట్టాను. వాటిని షాపువాడికి ఇవ్వకు. పెట్టెను మాత్రం బావనే మొయ్యమను. బరువులెత్తడంలో ఆయనకు సాటి లేరు.

చిన్నప్పటి నుంచి ఏది ఆగిపోయినా "ఒరేయ్ తమ్ముడూ" అని పిలిచేదానివి. నిన్న సర్వర్ ఆగిపోయినప్పుడు నేను పక్క గదిలోనే ఉన్నాను. నీ నోట వచ్చిన మాట "ఏమండీ". ఆయనేమో, "మీ తమ్ముడికి కవితలల్లడం వచ్చుగానీ స్క్రూలు తిప్పడం ఏమొస్తుందిలే" అన్నారు. ఆ మాటకు కాదు, దానికి నువ్వు నవ్వినందుకు నాకు కడుపు మండింది.

స్లాటు సంగతి కనిపెట్టింది నేనేనని ఆయనకు తప్పకుండా చెప్పు.

తమ్ముడు

అన్నట్టు, ఈసారి ఏదైనా ఆగిపోతే ముందు నన్ను పిలువు. ఏదీ ఆగకపోయినా అప్పుడప్పుడూ పిలువు.