ఆదివారం కోర్టు

ప్రియమైన తమ్ముడికి,

కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. మా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కోత మిషన్ కింద వేళ్లు పోగొట్టుకున్న పిల్ల గురించి చెప్పాను కదా, ఆ కేసే. మిషన్ మీది రక్షణ రేకు ఆ పిల్లే తీసేసిందంటోంది యాజమాన్యం. పని త్వరగా సాగాలని మేనేజరే తీయించడం నేను కళ్లారా చూశాను. అదే చెబుతాను.

చిన్నప్పుడు టైలరు గారి కిటికీకి వేలాడి చూసిన ఆదివారం కోర్టు సీరియల్ గుర్తుందా? సాక్షి నిజం చెప్పగానే అసలు దోషి గుడ్లు తేలేసేవాడు. మన వీధి పిల్లలకి న్యాయమంటే ఏమిటో నేర్పింది ఆ టీవీ డబ్బానే. భయంగానే ఉంది, కానీ వెళ్తాను.

నీ అక్క

ప్రియమైన అక్కకు,

ఆ సీరియల్ పిచ్చితోనే నేను కోర్టు గుమస్తానయ్యాను. ఇన్నేళ్లలో ఒక్క దోషీ గుడ్లు తేలేయలేదు. ఇక్కడ నిన్నే దోషిని చేస్తారు. ఎప్పుడు ఆలస్యంగా వెళ్లావు, ఎవరితో గొడవపడ్డావు, అన్నీ తవ్వుతారు. బావ ఉద్యోగమూ అక్కడే. ఇద్దరి జీతాలూ పోతే పిల్లల గతేమిటి? జ్వరమని డాక్టరు చేత చీటీ రాయించుకో. వాయిదా పడుతుంది.

నీ మేలు కోరే తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

నిన్న మేనేజరు ఇంటికొచ్చాడు, పెద్ద కలర్ టీవీ మోయించుకుని. "పిల్లలకి కాలక్షేపం, చెల్లెమ్మా" అన్నాడు. కోర్టు మాటే ఎత్తలేదు. మీ బావే బల్ల ఖాళీ చేసి పెట్టించారు. పిల్లలు దానికి అతుక్కుపోయారు. వంటింట్లోకి ఆ నవ్వులు వినపడుతుంటే ఆ పిల్ల చేతికట్టు కళ్లముందు మెదులుతోంది. ఏం చేయను?

అక్క

అక్కా,

అది ఉంచుకుని బోనెక్కితే యాజమాన్యం ప్లీడరు మొదట అడిగేది దాని గురించే. తిప్పి పంపితే బావ ఉద్యోగం పోతుంది. ఎటూ చిక్కే. వెళ్లకు. బతిమాలుతున్నాను.

తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

బండి మాట్లాడి టీవీని మేనేజరు ఇంటికి పంపేశాను. పిల్లలు ఏడ్చారు. మా ఇద్దరినీ పనిలోకి రావద్దన్నారు. మీ బావ నాతో మాట్లాడటం మానేశారు.

కోర్టులో అంతా నువ్వన్నట్టే అయింది. ప్లీడరు నా ఆలస్యాలు, నా నోటి దురుసు ఏకరువు పెట్టాడు. నేను నిజం చెప్పేశాను. ఎవరూ ఉలిక్కిపడలేదు. జడ్జిగారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. మేనేజరు ఆవులించాడు. చిన్నప్పటి నుంచి నమ్ముకున్న ఘట్టం ఇంతేనా అని నాకే ఏడుపు ముంచుకొచ్చింది.

అప్పుడు టైపు కొట్టే ఆవిడ తలెత్తి, "రేకు ఎవరు తీయించారన్నారమ్మా? కాస్త నెమ్మదిగా చెప్పండి, రాసుకోవాలి" అంది.

కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆవిడ వేళ్లు ఆగేదాకా ఆగి, ఒక్కో మాటే.

నీ అక్క