హేమ కట్టని ఇల్లు

వేలూరు, జూన్ 3

కన్నప్ప మామకు నమస్కారాలు.

కాంక్రీటు మిక్సర్ మెషిన్ల పక్కన నిలబడి నిలబడి నీ చెవులు ఫోనుకు పనికిరాకుండా పోయాయి కాబట్టి ఈ ఉత్తరం. కాగితం దొరక్క, చేతికందిన దాని వెనకే రాస్తున్నాను. మా వార్డులో ముప్పై మంది రోగులకు ఇద్దరం నర్సులం. ఎవరైనా బెల్ కొడితే చేరడానికి ఆరు నిమిషాలు పడుతోంది. నిన్న ఒక పెద్దాయన ఆగలేక తనే లేచి పడబోయాడు. నాకదే దిగులుగా ఉంది.

నీ మేనకోడలు,
హేమమాలిని

తా.క. కాళ్ల నొప్పులకు అత్త కాచే నూనె పంపించు.

గుడియాత్తం, జూన్ 6

చిరంజీవి హేమకు,

నూనె పంపుతున్నాను. నీ ఉత్తరం వెనక వైపు కూడా చూశాను. సగం గుడియాత్తం కట్టిన మేస్త్రీ మామ బతికుండగానే, వేలూరు పక్కన బాగాయంలో చడీచప్పుడు లేకుండా ఇల్లు మొదలుపెట్టావన్నమాట. సరే, నేనెవణ్ణి అడగడానికి? కానీ ఆ ప్లాను గీసిందెవడు? వరసగా ముప్పై గళ్లు, ఒక్కోటీ మంచం పట్టేంతే. ఒకే గోడ చుట్టూ పైపు లైను నలభై సార్లు తిప్పాడు. నిన్ను నిలువునా మోసం చేస్తున్నారు. అత్త కూడా చూసి, "పిల్ల లాడ్జీ కడతా ఉండాది" అని తేల్చేసింది.

పరాయివాడైపోయిన మామ,
కన్నప్ప

తా.క. పూజగది ఎక్కడని అత్త అడగమంది. అది కూడా పైపుల కిందే పోయిందా?

వేలూరు, జూన్ 9

మామా,

ఇల్లూ లేదు, లాడ్జీ లేదు. అవి నా అడుగులు. నర్సులందరి మెడలో ఒక బిళ్ల వేశారు. ఏ నిమిషం ఎక్కడున్నామో అది కంప్యూటరుకు చెబుతుంది. ఎంతమంది నర్సులుంటే, ఎంతసేపు మంచం దగ్గరుంటే రోగి త్వరగా కోలుకుంటాడో డాక్టర్ చిత్ర పరిశోధిస్తోంది. నువ్వు చూసింది కంప్యూటరు గీసిన నా ఒక్క రోజు నడక, పదకొండు కిలోమీటర్లు. ఆ నలభై గీతలూ మందుల గదికి వెళ్లొచ్చినవి. గది గోడకు అవతలే ఉంది. వాకిలి మాత్రం అటు చివర ఉంది.

హేమ

తా.క. ఇది నిఘా అనుకుని మొదటి వారం బాత్రూముకు కూడా పరుగెత్తేదాన్ని.

గుడియాత్తం, జూన్ 12

హేమా,

మెడలో బిళ్ల అనగానే గొడవ పెట్టుకుందామని బస్సెక్కబోయాను. అత్త ఆపింది. ఆ కోపంలో పటం మళ్లీ చూశాను. పైపులైతే మోసమే అనుకున్నాను, కాళ్లైతే పాపం. అక్కడ గోడ పెట్టినవాడికి బుర్ర లేదు. ఎనిమిదో మంచం పక్కన మూడడుగుల వాకిలి కొడితే చాలు. మీ డాక్టరమ్మ సరేనంటే నేనే వచ్చి కొడతాను.

మామ

తా.క. ఆ మేస్త్రీ దొరికితే వాడి మెడలో కూడా ఒక బిళ్ల వేయండి.

వేలూరు, జూన్ 16

మామా,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే డాక్టరమ్మ నవ్వింది. పటం చూసి నవ్వడం మానేసింది. అది బరువు మోసే గోడ కాదని ఇంజినీరు కూడా ఒప్పుకున్నాడు. వాకిలి ఇచ్చాం కదా అని మేం అడుగుతున్న మూడో నర్సును ఎగ్గొడతారేమోనని నాకు భయం. రెండూ అడుగుతానని ఆమె మాటిచ్చింది. వెంటనే బయలుదేరు.

హేమ

తా.క. ఇక్కడికొచ్చి ఆ మేస్త్రీని తిట్టకు. నీ గొంతు నాలుగు వార్డులకు వినిపిస్తుంది.

గుడియాత్తం, జూలై 2

బంగారు తల్లి హేమకు,

నీ ముందు చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. పూత ఊడగొట్టగానే పైన, వాకిలి మీద వేసే పాత లింటల్ దూలం కనిపించింది. అక్కడ ముందే వాకిలి ఉండేది. అప్పుడు గుర్తొచ్చింది, ఇరవై రెండేళ్ల కిందట దాన్ని పూడ్చింది నేనే. అప్పటి ఆసుపత్రి అధికారి ఒకడు, "నర్సులు ఊరికే అటూ ఇటూ తిరగతా ఉండారు, మూసేయప్పా" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. నీ నలభై గీతలూ నేను గీసినవే. క్షమించు తల్లీ.

వాకిలి తెరిచిన రోజు ఒక ముసలమ్మ బెల్ కొట్టింది. నేను చేతులు కడిగి తుడుచుకునేలోపే నువ్వు ఆమె పక్కనున్నావు. నాకు ఏడుపొచ్చింది. సిమెంటు దుమ్మని చెప్పాను. వచ్చే నెల మూడో నర్సు కూడా వస్తోందని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు నా మనసు కుదుటపడింది.

మామ

తా.క. ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఇటుకలు ఊడదీయడానికి నాకే రెండు రోజులు పట్టింది. బుర్ర ఎలా ఉన్నా, పని గట్టిది.