గోటితో గీసి చూడు

అక్కా,

నీ ఉత్తరం సోమవారం అందింది, ఒక మూల తడిసి. ఇక్కడ తడవకుండా వచ్చేది ఏముంది కనుక. ఎప్పటిలాగే మొదటి వాక్యంలో పెద్దావిడ ఎలా ఉందని అడిగావు కాబట్టి ముందు ఆవిడ సంగతే చెబుతాను.

పెద్దావిడ బాగుంది. కాలేజీ ల్యాబులో మనం దొంగిలించిన మిరపకాయలోంచి గింజ తీసి, ఐస్‌క్రీం కప్పులో నాటిన మొక్కకి ఇప్పుడు ఆరేళ్లు. కాండం నా మణికట్టంత లావయింది, బెరడు కట్టింది. నువ్వు పెట్టించిన నల్ల నీళ్ల డ్రమ్ముకి ఆనుకునే ఉంది. డ్రమ్ము పగలంతా వేడి దాచుకుని రాత్రి మొక్కకి ఇస్తుందని నువ్వు అప్పట్లో లెక్చర్ ఇచ్చావు. ఇప్పుడు దాచుకోవడానికి వేడేదీ? సూర్యుడు అటెండెన్స్ కోసం వచ్చే కుర్రాడిలా పదకొండింటికి మొహం చూపించి మూడింటికల్లా జారుకుంటున్నాడు.

కాయలు మాత్రం విరగకాశాయి. ఒక్కటి నలిపి వేస్తే ఇరవైమంది భోజనం ముట్టుకోకుండా లేచిపోయే రకం కదా. సాస్ తయారుచేసే ఆవిడ వచ్చి ఎర్రబడినవన్నీ పట్టుకెళ్లింది. సగానికి సగం ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అవి ఎర్రబడాలంటే ఇంకో నెల వెచ్చగా ఉండాలి. ఉండదు. ఏటా ఇంతే. మనం నడిచలికాలంలో హీటరు పరుపు మీద గింజలు పెట్టి, అవి మొలవడానికి మూడు వారాలు కాపలా కాసి, ఇంత చేసినా కాయ రంగు తిరిగే వేళకి ఎండ చెల్లిపోతుంది.

ఇక నా దినచర్య. పొద్దున్నే పాలీహౌస్‌లోకి వెళ్లి, పైకప్పు ప్లాస్టిక్‌కి లోపల పట్టిన చెమటని కర్రకి కట్టిన గుడ్డతో తుడుస్తాను. లేకపోతే ఆ బొట్లు ఆకుల మీద పడి బూజు పడుతుంది. తుడిచినా పడుతుంది. బూజు పట్టిన ఆకులు ఏరుతాను. వేసవంతా తేనెటీగల పని కూడా నాదే, పువ్వు పువ్వుకీ వెళ్లి బ్రష్షుతో పుప్పొడి అద్దడం. మొన్న గ్లౌజు వేలికి చిల్లు పడింది, చూసుకోలేదు. చేతికి నూనె రాసి సబ్బుతో కడుక్కున్నాను, అయినా కన్ను నలుపుకోగానే ప్రాణం పోయినంత పనయింది. గంటసేపు ధారగా కన్నీళ్లు. ఒకందుకు హాయిగానే అనిపించింది. ఎందుకు ఏడుస్తున్నానో నాకు నేను సంజాయిషీ చెప్పుకోనక్కర్లేకపోయింది.

హీటరు మళ్లీ మొరాయిస్తే మెకానిక్ బాబాయ్ వచ్చాడు. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని, దగ్గుతూ, స్క్రూలన్నీ నా దోసిట్లో పోసి పనిచేశాడు. “ఈ చలిలో ఇంత కారం పండించాలంటే ఎవరిమీదో గట్టి కోపం ఉండాలమ్మాయ్,” అన్నాడు. నవ్వేశాను. ఆయన వెళ్లాక, ఎవరిమీదా అని చాలాసేపు ఆలోచించాను.

శనివారం సాయంత్రం నుంచి మంచు పడుతుందట. ఆ లోపల మొక్కలన్నిటినీ కత్తిరించి ఇంట్లోకి చేర్చాలి. నువ్వు చేసి మూడేళ్లయింది కదా, మర్చిపోయి ఉంటావు, గుర్తుచేస్తాను. ఆకులన్నీ దూసెయ్యాలి, కాయలన్నీ కోసెయ్యాలి, కొమ్మలన్నీ నరికి జానెడు మోడు మిగల్చాలి. వేళ్ల మట్టి దులిపి గోరువెచ్చని నీళ్లలో కడిగి చిన్న కుండీలో పెట్టాలి. ఆ తర్వాత ఐదు నెలలు చచ్చినట్టు కనబడే కర్రలకి కాపలా ఉండాలి. అవి ఉండేది నీ గదిలోనే. మరీ వెచ్చగా ఉండకూడదు, మరీ గడ్డకట్టకూడదు, అందుకు నీ గదే సరిగ్గా సరిపోయింది. నీ మంచం మీద పాత పేపర్లు పరిచి వరసగా పెడతాను. ఎవరైనా తలుపు తీసి చూస్తే ఆస్పత్రి వార్డనుకుంటారు.

నేనెలా ఉన్నానని నువ్వు చివర్లో, సంతకం పక్కన ఇరికించి అడిగావు. బాగానే ఉన్నాను.

చేతులు మండుతున్న,
నీ గుండుసూది

*

అక్కా,

ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి పెట్టేశాను. ఫోన్లో అయితే నువ్వు నవ్వించేస్తావు, నేను చెప్పదలుచుకున్నది మింగేస్తాను. మూడేళ్లుగా అదే జరుగుతోంది. అందుకే రాస్తున్నాను.

మొక్కలు పోయాయి. అన్నీ.

శనివారం కత్తెర సానబెట్టాను. కుండీలు కడిగాను. నీ మంచం మీద పేపర్లు పరిచాను. నాలుగింటికి పాలీహౌస్‌లోకి వెళ్లి పెద్దావిడ ముందు నిలబడ్డాను. మొదటి కొమ్మ కత్తిరిస్తే ఇంకో ఐదు నెలలు వీటికి సంతకం పెట్టినట్టే. ఆ తర్వాత చిగుళ్లు, పురుగులు, బ్రష్షు, బూజు, మళ్లీ శరదృతువు, మళ్లీ ఇదే కత్తెర. చెయ్యి లేవలేదు. కత్తెర మేకుకి తగిలించి బయటికొచ్చాను.

తలుపు వెయ్యడం మర్చిపోయానని నీకు రాద్దామనుకున్నాను. నువ్వు నమ్మేదానివి కూడా. కానీ మర్చిపోలేదు అక్కా. రెండు వైపులా తలుపు తెరలు పైకి చుట్టి, గాలికి జారిపోకుండా తాళ్లతో ముడేసి మరీ వచ్చాను. హీటరు ఆపేశాను. ఇంట్లోకి వచ్చి కాళ్లు కడుక్కుని పడుకుంటే, ఎన్నాళ్లకో ఒళ్లు తెలియకుండా నిద్రపట్టింది. అది నాకు అన్నిటికన్నా సిగ్గుగా ఉంది.

పొద్దున్న వెళ్లి చూస్తే ఆకులు ఉడికించిన ఆకుకూరలా నల్లబడి వేలాడుతున్నాయి. పచ్చికాయలు గాజుముక్కల్లా మెరుస్తూ, వేలితో తాకితే మెత్తగా నొక్కుకుపోయాయి. ఆరేళ్ల పని ఒక్క రాత్రిలో అయిపోయింది.

సోమవారం మెకానిక్ బాబాయ్ హీటరు చూసిపోదామని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. తలుపు మర్చిపోయానని చెప్పాను, అబద్ధం ఎలా అతుకుతుందో ఆయన మీద పరీక్షించుకుందామని. ఆయన వంగి తాడు ముడి చేత్తో పట్టుకుని చూశాడు. రెండు పేటలు వేసి బిగించిన ముడి.

“మర్చిపోయిన చెయ్యి ఇంత గట్టిగా ముడెయ్యదమ్మాయ్,” అన్నాడు. ముడి వదిలేసి, “నాకెందుకులే. మీ అక్కకి చెప్పుకో,” అన్నాడు.

చెప్పుకుంటున్నాను. ఇంకోటి కూడా ఉంది. విత్తన పరిశోధన కేంద్రంలో సీటు గురించి అడిగినప్పుడల్లా రాలేదని చెప్పాను కదా. నువ్వు వెళ్లిన ఏడే వచ్చింది. తరవాతి ఏడు కూడా వచ్చింది. రెండుసార్లూ ఇంట్లో పనుందని మర్యాదగా రాసి తిప్పి పంపాను. ఈ ఏడు మళ్లీ వచ్చింది. ఈసారి ప్రొఫెసర్‌గారు ఆ కాగితం కింద స్వయంగా, ఇక నాలుగోసారి అడగనమ్మా అని రాశారు. వచ్చే నెల ఒకటో తారీకుకల్లా చేరాలి. శనివారం నేను కత్తెర సానబెట్టింది ఆ కాగితం పక్కన పెట్టుకునే.

నువ్వు వెళ్లేటప్పుడు ఏమన్నావో గుర్తుందా? “ఒక్క సీజన్ గుండుసూదీ, నాకు కాస్త ఎండ కావాలి,” అన్నావు. నేనే నీ పెట్టె మోసుకొచ్చి బస్సెక్కించాను. నువ్వు పాఠాలు చెప్పే స్కూలు కిటికీలోంచి ఎండ నేరుగా బల్ల మీద పడుతుందని మొదటి ఉత్తరంలో రాశావు. చదివి సంతోషించాను, నిజంగానే. రెండో సీజన్‌కి వస్తావనుకున్నాను. మూడో సీజన్‌కి అనుకోవడం మానేశాను. కానీ ఎండ నాకు కూడా కావాలని నీకెప్పుడూ తట్టలేదా? నేను చెప్పలేదు, నిజమే. నీ ఉత్తరాల్లో మొదటి వాక్యం ఎప్పుడూ మొక్కదే. నా గురించిన వాక్యం, కాగితంలో చోటు మిగిలితే. పోయిన ఏడు నాకు నిమోనియా వచ్చిన వారం, పెద్దావిడకి పేనుబంక పట్టిందని మందుల పేర్లు రెండు పేజీలు రాసి పంపావు. ఆ రెండు పేజీలూ పక్కలో పెట్టుకుని పడుకున్నాను.

ఒక మొక్క మీద అసూయపడే దశకి వచ్చానంటే నాకే నవ్వొస్తోంది. నువ్వు నవ్వకు.

తిట్టదలుచుకుంటే తిట్టు. క్షమించమని మాత్రం అడగను.

గుండుసూది

*

అక్కా,

ఈ ఉత్తరం అట్టపెట్టెలో పైనే ఉంటుంది. చదివాకే పెట్టె పూర్తిగా విప్పు. తలకిందులు చెయ్యకు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. విప్పకుండా మధ్యాహ్నం దాకా జేబులో పెట్టుకుని తిరిగాను. నాలుగు పేజీల తిట్లుంటాయనుకుంటే ఒకటే వాక్యం. “నువ్వెలా ఉన్నావు?” కాగితం తిప్పి చూశాను, వెలుతురుకి పట్టి చూశాను. మొక్క ఊసే లేదు. అంత పెద్ద కాగితం, అంత ఖాళీ. అలా వదిలెయ్యడానికి నీకెంత కష్టమై ఉంటుందో నాకు తెలుసు, నువ్వు చోటు మిగిల్చే మనిషివి కాదు.

దానికి జవాబు రాసే ముందు పాలీహౌస్ ఖాళీ చేద్దామని వెళ్లాను. ఒక్కొక్క మొక్కనీ గోటితో గీసి చూసి పీకాను. బెరడు కింద చచ్చిన గోధుమరంగు, మళ్లీ గోధుమరంగు. పెద్దావిడని చివరికి ఉంచాను. పైన గీస్తే అదే రంగు. ఇంకా కింద, మట్టికి రెండు వేళ్ల ఎత్తులో, డ్రమ్ముకి ఆనుకున్న వైపు గీశాను. పచ్చగా ఉంది. తడిగా, లేతగా ఉంది. ఆ నల్ల డ్రమ్ము ఎక్కడిదో కాస్త వేడి దాచిపెట్టింది.

నాకు సంతోషం కలగలేదు అక్కా. నిజం చెబుతున్నాను. అక్కడే డ్రమ్ముకి ఆనుకుని చతికిలబడి, నన్ను వదలవా నువ్వు అని పైకే అన్నాను. తర్వాత లేచి కత్తెర తెచ్చాను. శనివారం లేవని చెయ్యి ఈసారి లేచింది, ఎందుకంటే ఈ ఐదు నెలలూ నావి కావు.

పెట్టెలో ఉన్నది ఆవిడే. కాపలా ఇక నీది. నీ ఎండ బల్ల మీద పెట్టకు, చలికాలంలో మరీ వెచ్చగా ఉంటే చిగురు తొందరపడి నీరసపడిపోతుంది. చల్లటి గదిలో, కిటికీ దగ్గర చాలు. రెండు వారాలకోసారి గ్లాసులో సగం నీళ్లు. బతికుందా లేదా అని అనుమానం వస్తుంది, రోజూ వస్తుంది. రోజూ గీసి చూడకు. గీసిన ప్రతిచోటా మచ్చ మిగులుతుంది, ఉన్న పచ్చదనమంతా చూడటానికే అయిపోతుంది. ఏమీ చెయ్యకుండా కూర్చోవడమే ఇందులో అసలు పని. మూడేళ్లు చేసిన దాన్ని, నా మాట విను.

పాలీహౌస్ తాళం మెకానిక్ బాబాయ్‌కి ఇచ్చాను. పాత హీటర్లు పెట్టుకుంటాడట. పరిశోధన కేంద్రానికి వెళ్తున్నానంటే ఊరికే తల ఊపాడు గానీ, నా సామాను పెట్టె మోసి బస్సులో పెట్టేది ఆయనే.

నేనెలా ఉన్నానంటావా? పైపైన అయితే ఎండిపోయినట్టే ఉంది. లోపల ఏ రంగుందో చూసుకోవాలనిపించి కూడా ఆగాను. నన్ను కూడా కాస్త గీయకుండా వదిలెయ్.

నీ గుండుసూది