గడ దింపను

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మా ఇంటిదానికి ఆశీస్సులు. ఇక్కడ నేను, నీ పిల్లి, మేడ మీది నా రేడియో ఏరియల్ గడ, ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వు, అమ్మాయి, పసివాడు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మందులు వేసుకుంటున్నాను. పాలు ఒకసారి పొంగిపోయాయి. పొయ్యి తుడిచాను, పిల్లి సాక్ష్యం.

ఇక నీ మూడో ప్రశ్న. ఫైరాఫీసు వాళ్ళకి "క్షమించండి" అని ఒక్క ముక్క రాసిచ్చేస్తే మీ సొమ్మేం పోతుంది అన్నావు. రాయను.

సరదాకి రేడియో నడిపే మా బోటివాళ్ళం మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీ మీద ముందు హక్కు ఫైరు వాళ్ళది. వాళ్ళు వస్తే మేం తప్పుకోవాలి. ఇన్నేళ్ళూ తప్పుకున్నాను. నోరు మూసుకోవడం నాకొకరు నేర్పాలా?

ఆ రోజు మన టైలరు క్వారీ దారిలో స్కూటరుతో సహా గోతిలో పడ్డాడు. అక్కడ ఫోను పలకదు. వాడూ మా రేడియో బోటివాడే కదా, జేబులో ఉన్న చేతిరేడియో నొక్కి పిలిచాడు. "కాలు... బండి కింద..." అని సన్నగా వినబడింది. అంతలో ఫైరు వాళ్ళ గొంతులు వాడి గొంతును మింగేశాయి. ఏం మాట్లాడుకుంటున్నారనుకున్నావు?

"టీలో పంచదార ఇంకాస్త వెయ్యమన్నానా లేదా?"

"అంతేస్తే షుగరొచ్చి పోతావు బావా!"

నేను మధ్యలో దూరి, "అయ్యా, ఒకడి ప్రాణం మీదికొచ్చింది, కాస్త ఆపండి" అన్నాను.

"ఎవడ్రా నువ్వు? లైను దిగు!"

లైసెన్సులో నాకిచ్చిన రేడియో పేరు, నా కాల్ సైన్ చెప్పాను. దొంగనైతే చెప్పనుగా. తర్వాత ఫైరు వాళ్ళు వెళ్ళారు, వాణ్ణి పైకి తీశారు. టైలరు కాలు దక్కింది.

ఫోనులో నీకు ఇంతవరకే చెప్పాను. చెప్పనిది ఒకటుంది. కాల్ సైన్ విన్నాక కూడా వాళ్ళు మళ్ళీ పంచదార దగ్గరికే పోయారు. అప్పుడు అరిచాను.

"నోళ్ళు ముయ్యండి! క్వారీ గోతిలో మనిషున్నాడు, ఫైరింజను తియ్యండి!"

పెళ్ళయినప్పటినుంచి నీమీద కూడా ఎత్తని గొంతు. పిల్లి బల్ల కింద దూరింది.

క్షమాపణ అడుగుతున్నది ఆ మాటకే. నిన్న ఫైరాఫీసరు క్షమాపణ కాగితం నా ముందుకు తోసి, "సంతకం పెట్టు పెద్దాయనా, లేకపోతే లైసెన్సు పోతుంది" అన్నాడు. అడుగున "అవసరమైతే మళ్ళీ అంటాను" అని రాసి, దాని కింద పెట్టాను సంతకం. అక్షరాలు బాగానే కుదిరాయి.

లైసెన్సు పోతే పోనీ. వినడానికి లైసెన్సు అక్కర్లేదు. గడ దింపను. నీ బట్టల తీగ కూడా దానికే కట్టి ఉంది.

ఒక్కటే ఇబ్బంది. మాట్లాడే సెట్టు పట్టుకుపోయారంటే, నా మాటలన్నీ ఇక నీకే. కాస్త ఓపిక తెచ్చుకుని రా.

ఇట్లు,
నువ్వు మూగాయన అని పిలిచే
మీ ఆయన