మిట్ట మీది గాలి వాల్వుకు తుమ్మ బిరడా

ఏన్కూరు దాపు, అడవి అంచు పంపుహౌసు,
ఫిబ్రవరి 1987

ఎత్తిపోతల పథకం ఇంజినీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గాలి వాల్వుకు కొట్టిన బిరడా తీయించుట, లేదా నన్ను వేరే పనికి మార్చుట గురించి.

1. వాగు నీళ్లు మా పంపు నుండి పైపులో మిట్ట ఎక్కి అవతలి చేలకు పోవును. మిట్ట మీద పైపుకు గాలి వాల్వు కలదు. పంపు వేసినప్పుడల్లా అది గాలితో పాటు కొన్ని నీళ్లు చిమ్ముచున్నది. పక్కనే మిరప కల్లాలు ఉన్నవి. ఎండిన కాయ తడిసి మచ్చ పడుతున్నదని రైతులు వాల్వుకు తుమ్మ బిరడా కొట్టి, సైకిల్ ట్యూబుతో బిగించినారు.

2. అప్పటి నుండి కరెంటు పోయినప్పుడల్లా పైపులో నీళ్లు వెనక్కి వచ్చి పంపు దగ్గర సమ్మెట దెబ్బ వలె కొట్టుచున్నవి. గోడ నెర్రె విచ్చినది. మా వైపు కరెంటు ఎట్లా పోవునో తమకు తెలియనిది కాదు.

3. మరమ్మతుకు వైరా నుండి వచ్చిన ఫిట్టర్ అహ్మద్ పాషా గారు మిట్ట ఎక్కి చూసి, పంపు దగ్గరికి దిగి వచ్చి, "గాలి రాకుంట మూస్తే నీళ్లు గుద్దక ఏం చేస్తయ్ భాయ్? గీ పైపు ఇయ్యాల కాకుంటె రేపు పగుల్తది. నువ్వైతే దాని ముందర నిలబడకు" అన్నారు. నీళ్లు వదలుటకు నేను తిప్పవలసిన చక్రం దాని ముందరే ఉన్నది. నిలబడకుండా తిప్పే విధము వారు చెప్పలేదు.

4. పోయిన నెల పైపు అతుకు విడిపోయి, ఇనుప ముక్క తగిలి నా తోటి ఆపరేటరు తుల్సీరాం మోచేయి నలిగినది. ఆ చెయ్యి ఇక మడత పడదని దవాఖానాలో చెప్పినారు. అతని పని కూడా నేనే చేస్తున్నాను.

5. నేను బిరడా పీకితిని. మళ్లీ కొట్టినారు. మళ్లీ పీకగా కల్లం కాడ రైతు లాల్‌సింగ్, "ఏందిరా భీమ్లా, పైపు నీ అత్తగారోళ్లు పెట్టిన్రా? గంత ప్రేమేంది?" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వితిని. కాయ తడిస్తే వారి ఏడాది కష్టం పోతుంది. వారిది తప్పని నేను రాయలేను.

వాల్వు మూతికి ఒక వంపు పైపు బిగించి, నీళ్లు డొంకలోకి మళ్లిస్తే చాలును. బిరడా అవసరం ఉండదు. ఈ మాట సూపర్‌వైజరు గారితో చెప్పగా, వాల్వు బాగున్నదని పైకి రాసినాము, బాగున్న దానికి మరమ్మతు రాయలేము అన్నారు.

కావున తమరు ఒకసారి దయచేసి కళ్లారా చిత్తగించవలెను. వచ్చినప్పుడు పంపుహౌసు గోడకు బయటనే నిలబడవలెను.

తమ విధేయుడు,
బానోతు భీమ్లా,
పంపు ఆపరేటరు

తా.క. అర్జీ రాసి మిట్ట మీదికి పోతిని. ఈ ఏడు మేమూ కౌలుకు మిరప వేసినాము. మా కాయ నిన్ననే కల్లానికి చేరింది. నేను పొద్దున పీకిన చోట నా భార్య బాలి కొత్త బిరడా కొడుతున్నది. "నీకేమైతదో నాకెరుక లేదా? కాయ తడిస్తే పిల్లలకేం పెడ్త?" అన్నది. ట్యూబు కొస పట్టుకోమన్నది. పట్టుకున్నాను.