కానిస్టేబుల్ నవ్విన క్యాసెట్

తిరుపతి, శనివారం, 1986

నా మనవరాలు వసుధ నిరసనగా వేసే మూగవేషం ఎవరూ చూడరని నిన్న రాశాను. తప్పు, బస్టాండంతా చూసింది.

వసుధ నోటికి గుడ్డ కట్టుకుని, "మాట్లాడితే జైలు" అన్న అట్ట మెడలో వేసుకుని నిలబడింది. పెళ్లిళ్ల వీడియోలు తీసే మునస్వామి కెమెరా పట్టాడు.

ఇంతలో కానిస్టేబుల్ లాఠీ ఊపుకుంటూ వచ్చాడు. "ఏందమ్మా ఈ యేసం? స్టేషన్‌కు నడువు!" ఇంత నోరున్న నేనూ వసుధ వెనక్కి జరిగాను.

మునస్వామి అలవాటు కొద్దీ కెమెరా అతని వైపు తిప్పి, "సార్, రవ్వంత నవ్వండి" అన్నాడు. అంతే! టోపీ సర్దుకుని, వసుధ పక్కన పెళ్లికొడుకు మేనమామలా నిలబడి నవ్వాడు. జనం ఒకటే చప్పట్లు. స్టేషన్ సంగతే మరిచిపోయి, "మా ఆడోళ్లకు సూపిస్తావా అబ్బా?" అంటూ వెళ్లాడు.

ఇన్‌స్పెక్టర్ చూస్తే నవ్వుతాడో లేదో... రేపు పొద్దున్నే మునస్వామి దగ్గర్నుంచి ఆ క్యాసెట్ తెచ్చి, ఎవరూ పెట్టి చూడకుండా "తాతగారి షష్టిపూర్తి" అని చీటీ అంటించాలి.